ఖరాబు అని రాసిన బండ

పావగడకు శనిమహాత్ముడి గుడి కోసం వచ్చేవాళ్ళు చాలామంది ఉంటారు. వాళ్ళు దర్శనం చేసుకుని వెనక్కి పోతారు. అక్కడి నుంచి మంగళవాడ వైపు పోయే బస్సు ఎక్కేవాళ్ళు మాత్రం ఆ పక్క పల్లెలవాళ్ళే. పోయిన కార్తీకంలో నేనూ ఎక్కాను. మంగళవాడ దాటాక ఒక చిన్న పల్లెలో భవనం కట్టవలసి ఉండి, దాని కోసం ఐదు రోజులు అక్కడ ఉన్నాను. చూడదగ్గ చోట్ల పట్టిక ఇవ్వమంటే ఆ ఊరి నుంచి ఒకే ఒక్కటి రాస్తాను. అది ఒక బండ.

మాది తెనాలి దగ్గర కాలువ కింద ఊరు. చదువు అయ్యాక రెండేళ్ళుగా బెంగళూరులో ఒక ఆర్కిటెక్టు దగ్గర పని చేస్తున్నాను. ఒక విశ్వవిద్యాలయం పల్లెలో గ్రామీణ అధ్యయన కేంద్రం కట్టాలనుకుంది. పట్నం విద్యార్థులు వచ్చి కొన్ని నెలలు ఉంటారు, మట్టి పరీక్షలు చేస్తారు, రైతులతో మాట్లాడతారు. తెలుగు వచ్చినవాణ్ణని పెద్దాయన, అంటే మా ఆర్కిటెక్టు, స్థలం కొలవడానికి నన్ను పంపాడు.

వెంట తీసుకుపోయినవి: మూడు కాళ్ళ సర్వే బల్ల, దాని మీద పరిచే కాగితాలు, లెవెల్ యంత్రం, ముప్పై మీటర్ల టేపు, ఎరుపు తెలుపు పట్టీల కర్రలు మూడు, చిన్న డబ్బాలో ఎర్ర పెయింటు, బెంగళూరులోనే గీసేసిన ప్లాను.

చివరిది తప్పు. స్థలం చూడకుండా ప్లాను గీయకూడదని మొదటి సంవత్సరంలోనే నేర్పుతారు. కానీ రెవెన్యూ కాగితం ఒకటి ముందే వచ్చింది. కన్నడంలో ఉంది. మూడెకరాలు, పక్కన బండ గుర్తు, దాని కింద ‘ఖరాబు’ అని ఒక్క మాట. ఖరాబు అంటే తెలుగువాడికి వేరే అర్థం చెప్పనక్కర లేదు గదా. చెడిపోయినది, పనికిరానిది. పనికిరాని బండ మా వృత్తిలో వరం. పునాది తవ్వే పని ఉండదు. అందుకని అన్నిటికన్నా బరువైన భవనాన్ని, ఉపన్యాసాల హాలును, నేరుగా ఆ బండ మీద పెట్టేశాను.

విశ్వవిద్యాలయం ఇచ్చిన కోరికల పట్టికలో ఆరు అంశాలున్నాయి. మొదటి ఐదింటికి చదరపు మీటర్లు లెక్క కట్టాను. ఆరోది, ‘స్థానిక ప్రజల అభివృద్ధికి తోడ్పడాలి’ అన్నది, ఎలా లెక్క కట్టాలో తెలియక ముంగిట్లో ఒక ఫౌంటెను, చుట్టూ పూలతోట గీశాను.

పావగడ

మధ్యాహ్నం బస్సు దిగాను. ఊరి మీదికి వంగినట్టు పెద్ద రాతికొండ, దాని కాళ్ళ దగ్గర అంగళ్ళు, ఆఫీసులు. బోర్డులన్నీ కన్నడంలో, బేరాలన్నీ తెలుగులో. బస్టాండు ఎదుటి మెస్సులో మూడు రూపాయలకు రాగిముద్ద, ఉలవచారు, చెనక్కాయల ఊరుబిండి పెట్టారు. ఊరుబిండి అంటే వేయించిన వేరుశెనగపప్పు దంచి చేసే పచ్చడి. మజ్జిగ ఎన్నిసార్లు పోసినా డబ్బు అడగలేదు. మా ఊళ్ళో కూర ఎన్నిసార్లు వేస్తారన్న దాన్ని బట్టి పూటకూళ్ళవాడి మంచితనం కొలుస్తాం. ఇక్కడ అది మజ్జిగతో కొలుస్తారని తెలిసింది.

ముద్దను నేను నములుతున్నాను. ఎదుట కూర్చున్న పెద్దమనిషి కాసేపు ఓపిక పట్టి, ఇంక పట్టలేక, దాన్ని నమలకూడదని, చారులో అద్ది మింగాలని చెప్పాడు. నా తెలుగు రేడియోలో వార్తలు చదివినట్టుందని కూడా చెప్పాడు. ఏం పని మీద వచ్చానని అడిగితే చెప్పాను.

“దాంట్లో మా పిల్లోల్లు సదవచ్చునా?”

పట్నం పిల్లలు వచ్చి ఇక్కడి వ్యవసాయం గురించి, మనుషుల గురించి చదువుతారని వివరించాను.

“మా గురించి పరీచ్చ గూడా ఉంటాదా?”

ఉంటుందన్నాను.

“అట్లయితే మేమే పాసు గాము,” అని చెయ్యి కడుక్కోవడానికి లేచాడు.

నాకు సాయంగా రావలసిన అంజినప్ప అక్కడే కలిశాడు. యాభై దాటిన మనిషి. ఇరవై ఏళ్ళుగా సర్వేయర్ల దగ్గర గొలుసు పట్టుకునే పని. అధికారులతో కన్నడం, నాతో తెలుగు, తనలో తాను ఏదో పాట. సామానంతా బస్సు టాపు మీదికి తనే ఎక్కించాడు. సర్వే బల్లను మాత్రం నా ఒళ్ళో పెట్టి, పైన పెడితే దాని మూడు కాళ్ళను మూడూర్లలో ఏరుకోవలసి వస్తుందన్నాడు.

బండ

ఊళ్ళో నాకు బస నారాయణప్పగారి ఇంట్లో. ఆ ఊరికి పెద్ద రైతు. కేంద్రం తమ ఊరికే రావాలని రెండేళ్ళుగా అర్జీలు పెడుతున్నది ఆయనే. భవనం వస్తే రోడ్డు వస్తుంది, రోడ్డు వస్తే రోజుకు రెండు బస్సులు వస్తాయి, ఆడపిల్లలు పావగడ కాలేజీకి పోయి సాయంత్రానికి ఇల్లు చేరతారు. ఇది ఆయన లెక్క. ఆ లెక్కలో నాకు తప్పేమీ కనపడలేదు.

ఆ ఏడు రెండే వానలు. చేలు అప్పటికే ఖాళీ. మా వైపు కార్తీకంలో కంటికి ఆనేంత దూరం వరి కంకులుంటాయి. ఇక్కడ ఎర్రమట్టి, పెరికిన వేరుశెనగ కట్టె వాములు, మేకలు. ఊరి పడమర బండ దగ్గరికి వెళ్ళాం. దూరం నుంచి దాని మీద కావిరంగు దుప్పటి పరిచినట్టుంది. దగ్గరికి పోతే అవి చెనక్కాయలు. నేను లెవెల్ యంత్రం భుజాన వేసుకుని, బూట్లతోనే ఎక్కాను.

“చెప్పులిడిసిరాప్పా,” అని ఆడగొంతు వినిపించింది. కోపమేమీ లేదు. కళ్ళు లేనివాడికి దారి చెప్పినట్టు చెప్పింది.

మా ఊళ్ళో కూడా కళ్ళంలోకి చెప్పులతో పోము. కానీ మా కళ్ళం పేడతో అలికిన నేల. రాయి కూడా కళ్ళం అవుతుందని నాకు తట్టలేదు. బూట్లు విప్పి, కాలే రాతి మీద గెంతుతూ పని మొదలుపెట్టాను. చుట్టూ ఏం జరుగుతున్నదో కనపడుతూనే ఉన్నా, కాగితం మీది ప్లానును నేల మీద గుర్తుపెట్టడమే నా పని అనుకున్నాను. హాలు నాలుగు మూలలా నాలుగు ఎర్ర గుర్తులు వేయాలి. అంజినప్ప టేపు పట్టుకున్నాడు, పాట ఆపేశాడు.

మూడో మూల ఒకామె ఆరబోసిన కాయల మధ్యలో పడింది. ఇందాక చెప్పులు విడవమన్నది ఆమే. పేరు హనుమక్క. నలభై ఏళ్ళుంటాయి. జరపమంటే చేటతో కాయలను పక్కకు జరిపింది. నేను గుర్తు వేసి టేపు లాగేసరికి అది తడి పెయింటును ఈడ్చుకుంటూ కాయల మీదుగా పోయింది. రెండు దోసిళ్ళ కాయలు ఎర్రబడ్డాయి. ఆమె కూర్చుని వాటిని ఒక్కొక్కటే ఏరి వేరు పెట్టింది. అన్నీ ఏరాకే తలెత్తింది.

“ఇది ఏంది సార్ గుర్తు?”

“భవనం మూల అమ్మా.”

“ఈ పక్కంతా లోపలికి వస్తాదా?”

“వస్తుంది.”

“అట్లయితే పైయేటికి నా చోటు యాడ?”

ఆఫీసులో అడిగి చెబుతానన్నాను.

“మీ ఆపీసోల్లు ఈ బండ చూసినారా?”

లేదన్నాను. ఆమె చేట తీసుకుని కాయలు మళ్ళీ పరుచుకుంది, ఎర్ర గుర్తు చుట్టూ జానెడు వదిలి.

గోడలు లేని గదులు

రెండో రోజు పొద్దున ప్లాను పక్కన పెట్టి, సర్వే బల్ల మీద తెల్ల కాగితం పరిచాను. బండ ఎలా ఉందో అలా గీద్దామనుకున్నాను. ఎవరి చోటు ఎక్కడిదాకా అని అడుగుతూ పోయాను. ఒక్క గీత లేదు, ఒక్క రాయి అడ్డం లేదు, అయినా అందరికీ తెలుసు. రాతిలో పోయే తెల్ల నరం దాకా ఒకరిది. వాన నీళ్ళు నిలిచే గుంట దాకా ఇంకొకరిది. పాచి పట్టి నల్లబడ్డ మచ్చ అవతల వేరొకరిది. సాయంత్రానికి కాగితం మీద పద్నాలుగు గదులు తేలాయి. గోడలు, తలుపులు లేవు గాని కొలతలు ఉన్నాయి, హద్దులు ఉన్నాయి. వాడేవాళ్ళ పేర్లు ఉన్నాయి.

ఆ పేర్లలో నారాయణప్పగారిది లేదు, ఆయన అన్నదమ్ములదీ లేదు. ఎందుకని హనుమక్కను అడిగాను.

“నేల లేనోల్లకే బండ. నేల కొన్న్యాక బండ ఇడసాల.”

రెండేళ్ళ కింద ఒక కుటుంబం ఎకరన్నర కొన్నదట. ఆ వారమే వాళ్ళు తమ చోటు వదిలేశారు. అది హనుమక్కకు వచ్చింది. ఎవరూ రాయలేదు, సంతకాలు లేవు. అంతకు ముందు ఆమె ఇంటి ముందర మట్టిలో ఆరబోసేది. మట్టిలో కాయ వారం పట్టినా సరిగా ఆరదు. పైకి బాగానే ఉండి లోపల పప్పు నల్లబడి చేదెక్కుతుంది. ఒక ఏడు ఆ కాయలే విత్తనంగా పోస్తే సగం మొలవలేదు. అప్పుడు కోరుకు, అంటే పంటలో పాలు ఇచ్చే ఒప్పందం మీద, చేసిన రెండెకరాలను ఆసామి వెనక్కి తీసుకున్నాడు. వచ్చే వానలకు మళ్ళీ ఇస్తానన్నాడు, విత్తనం ఆమే తెచ్చుకుంటేనే. కాయలు తెంపిన కూలికి వచ్చినవి, పంట పెరికిన చేలల్లో ఆమె, కూతురు పరిగె ఏరినవి కలిపి మూడు మూటలు అక్కడ ఆరుతున్నాయి. ఆ మూడు మూటలూ రెండెకరాల విత్తనం. పైయేడు చోటు పోతే ఆ పైయేటి విత్తనం పోతుంది, దాంతోపాటు కోరూ పోతుంది.

ఎంత ఆరిందో ఎలా తెలుస్తుందని అడిగాను. మా ప్రయోగశాలకు తేమ కొలిచే యంత్రం ఒకటి పట్టికలో రాసి ఉంది. ఆమె ఒక కాయ తీసి నా చెవి దగ్గర ఆడించింది. ఏమీ వినపడలేదు.

“ఇది నిన్నటిది. మొన్నటిది ఇను.”

రెండో కాయలో పప్పులు గలగలమన్నాయి. బండ మీద మూడు రోజులు అని నోటు పుస్తకంలో రాసుకున్నాను.

నాగలమడిక

మూడో రోజు ఇసుక చూడటానికి నేను, అంజినప్ప నాగలమడిక వెళ్ళాం. ఉత్తర పినాకినిలో నీళ్ళు లేవు. ఇసుకలో చెలమలు తవ్వి ఆడవాళ్ళు చిప్పలతో తోడుతున్నారు. ఒక బిందె నిండటానికి పట్టే సమయం గడియారంతో చూశాను. పద్దెనిమిది నిమిషాలు. మా ఊళ్ళో నీళ్ళెలాగని వాళ్ళు అడిగితే కాలువ గురించి చెప్పాను గాని, చెబుతుంటే గొప్పలు పోతున్నట్టు నాకే అనిపించి ఆపేశాను.

ఇసుక మంచిదే. నమూనా సంచిలోకి ఎత్తుతుంటే వెనక కాగితం చిరిగిన చప్పుడైంది. ఒడ్డున పెట్టిన ప్లానును ఒక మేక నములుతున్నది. లాక్కునేసరికి ఒక మూల పోయింది. ఏం పోయిందో చూస్తే ఫౌంటెను.

“దానికీ దప్పికైతాదిగదప్పా,” అన్నాడు అంజినప్ప. ఆ మూడు రోజుల్లో అతను నవ్వడం అదే మొదటిసారి.

ఒడ్డున కూర్చున్నాక అడిగాను. ఆ బండ వాడుకలో ఉందని నీకు ముందే తెలుసు గదా, ఖరాబు అని ఎందుకు రాశారు? అతను బీడీ వెలిగించి నిదానంగా చెప్పాడు. దున్నడానికి పనికిరాని నేలను, కందాయం అంటే శిస్తు కట్టనక్కర లేని నేలను కన్నడం కాగితాల్లో అలా రాస్తారట. శ్మశానం ఖరాబే, బండిదోవ ఖరాబే, చెరువు కట్టా ఖరాబే.

“సర్కారుకు కందాయం రాదు, అందుకు ఖరాబు. మనకు గాదు.”

“మొదటి రోజే చెప్పి ఉండవచ్చు గదా.”

“నువ్వు అడగల్యా. అడగంది జెప్తే సర్వేయర్లకు కోపమొస్తాది.”

ఒక మాట అర్థం అడగకుండా నేను మూడెకరాల ప్లాను గీశాను.

నారాయణప్పగారి ముంగిట

నాలుగో రోజు పొద్దున నారాయణప్పగారి ముంగిట్లో అందరూ కూర్చున్నారు. కొత్త కాగితం చూపించి, బండ మీద కట్టకూడదనుకుంటున్నానని చెప్పాను. ఆయన మొహం మారింది. మారదా మరి. విశ్వవిద్యాలయం భూమి కొనదు. ఊరు ఉచితంగా ఇవ్వాలి. ఇక్కడ కుదరకపోతే ఇంకో తాలూకా వాళ్ళు అడుగుతూనే ఉన్నారు. రెండేళ్ళ అర్జీలు, రోడ్డు, బస్సు అన్నీ పోతాయి.

“ఖరాబు ఇడిసిపెడితే ఇంగ నేల యాడుండాది ఇంజనీరప్పా? నా చేను ఇయ్యమంటావా?”

నేను నోరు తెరిచే లోపల హనుమక్క అందుకుంది.

“ఇయ్యి నారాయణన్నా. నేల లేనోడివైతే నీగ్గూడా బండ మీద చోటిస్తాము.”

ముంగిలంతా నవ్వింది. చివరికి ఆయనా నవ్వాడు. ఆ నవ్వు లేకపోతే తర్వాతి మాట జరిగేది కాదు.

బండకు ఉత్తరాన గులకరాళ్ళ గరుసు నేల పల్లంగా దిగుతుంది. అదీ ఆ మూడెకరాల్లోదే. అక్కడ ఎవరూ ఏమీ ఆరబెట్టరు. వాలు మీద కట్టాలంటే పునాది మరో మీటరున్నర లోతుకు పోవాలి, ఖర్చు పెరుగుతుంది. పెరిగినంతా తగ్గించాలంటే ఒకటే దారి, హాలు తీసేయడం. భవనం పొడుగ్గా, సన్నగా, వరండా బండ వైపుకు ఉంటుందని అదే కాగితం మీద గీసి చూపించాను. రైతుల సమావేశం వరండాలో. చెనక్కాయల కాలం కానప్పుడు, ఊరు ఒప్పుకుంటే, బండ మీదే.

నారాయణప్పగారికి బాధగానే ఉంది. హాలు లేకపోతే మంత్రి వస్తే ఎక్కడ కూర్చోబెట్టాలని అడిగాడు. మంత్రి కూడా చెప్పులు విప్పి రావచ్చునని వెనక నుంచి ఎవరో అన్నారు. చివరికి స్థలం మార్చడానికి ఊరు ఒప్పుకుంటున్నదని కన్నడంలో తానే రాసి సంతకం చేశాడు. పద్నాలుగు ఇళ్ళవాళ్ళు వేలిముద్రలు వేశారు.

పని అయిపోయిందనుకుని కాగితం చుడుతుంటే హనుమక్క దాని మీద వేలు పెట్టింది.

“పైన మిద్దె చదునుగా ఉంటాదా, కాయలు ఆరబోసేకి?”

ఉంటుందన్నాను.

“మెట్లు యాడ?”

లోపల, మధ్య గది పక్కన అని చూపించాను.

“లోపల బెడితే బీగమేస్తారు. బడి మిద్దెకు అట్లే ఏసినారు.”

ఆమెకు బండ ఉంది గదా, మిద్దె ఎందుకని అడిగాను. చోటు లేనివాళ్ళు ఇంకా ఆరు ఇళ్ళవాళ్ళున్నారని, తాను మొన్నటిదాకా వాళ్ళలో ఒకతేనని చెప్పింది. ఆరో అంశం ఎలా లెక్క కట్టాలో నాకు అప్పటికి గాని తెలియలేదు. మిద్దె రెండు వందల నలభై చదరపు మీటర్లు. ఆరు ఇళ్ళకు పంచితే ఇంటికి నలభై. హనుమక్క చోటుకన్నా కొంచెం ఎక్కువే.

అంజినప్ప నన్ను ఆ ఇంటి పక్కకే తీసుకుపోయి గోడ చూపించాడు. గోడ కట్టేటప్పుడే పొడవాటి రాతిబద్దలను లోపలికి సగం దిగేసి, మిగతా సగం మెట్టుగా బయటికి వదిలారు. కింద ఆధారం లేదు, పక్కన కమ్మీ లేదు. గంప నెత్తిన పెట్టుకున్న మనిషి ఎక్కడానికి ఆ వెడల్పు సరిపోతుంది. మెట్లు పదిహేడు. ఎత్తు ఇరవై సెంటీమీటర్లు, వెడల్పు తొంభై. ఎక్కి దిగాను. మళ్ళీ ఒక గంప అడిగి తీసుకుని, దాన్ని నిండా కాయలతో నెత్తిన పెట్టుకుని ఎక్కాను. నాలుగో మెట్టు దగ్గర కాయలన్నీ ఒలకబోశాను. ఆ ఊళ్ళో పిల్లలు ఇంకా ఆ సంగతే చెప్పుకుంటుంటారు.

ఐదో రోజు కిరసనాయిలు, ఇటుకపొడి తీసుకుని బండ మీద నాలుగు గుర్తులూ రుద్దేశాను. హనుమక్క కాయలు మూటలు కట్టేసి ఉంది. జవాబు ఎప్పుడు వస్తుందని అడిగింది. రెండు మూడు నెలలన్నాను. ఏదైనా సరే, విత్తేకాలం లోపల తెలియాలన్నది.

బెంగళూరు

పెద్దాయన ముందు రెండు కాగితాలు పరిచాను. మేక కొరికిన ప్లానును ఆయన పక్కకు నెట్టాడు. పద్నాలుగు గదుల కాగితాన్ని మాత్రం చాలాసేపు చూశాడు. పేర్లు చదివాడు. స్థలం చూడకుండా గీసినందుకు రెండు మాటలన్నాడు. అవి ఇక్కడ రాయను. హాలు తీసేయడానికి, వాలులోకి జరపడానికి, మిద్దె మెట్లను ఆ ఊరి పద్ధతిలో బయటి గోడకు పెట్టడానికి ఒప్పుకుని విశ్వవిద్యాలయానికి పంపాడు.

మాఘంలో ఉత్తరం వచ్చింది. స్థలం మార్పుకు అంగీకారం. హాలు తీసివేతకు అంగీకారం. చివర ఒక వాక్యం: భద్రత దృష్ట్యా బయటి మెట్ల అడుగున ఇనుప తలుపు, తాళం ఏర్పాటు చేయవలెను.

ప్రతి భవనానికీ తలుపుల పట్టిక ఒకటి తయారు చేస్తాం. ఏ తలుపు ఎక్కడ, ఎంత వెడల్పు, ఏ చెక్క, తాళం ఉందా లేదా. కాంట్రాక్టరు ఆ పట్టికలో ఉన్నవే పెడతాడు, లేనివి పెట్టడు. నేను తయారు చేసిన పట్టికలో పదకొండు తలుపులున్నాయి. మెట్లు గోడలోంచి వచ్చే రాతిబద్దలే కాబట్టి తలుపు తగిలించడానికి కింద స్తంభమూ లేదు. పెద్దాయన పట్టికను పై నుంచి కిందికి చదివాడు. ఉత్తరం తీసి చదివాడు. మళ్ళీ పట్టిక చదివాడు.

“పదకొండేనా?”

“పదకొండే సార్.”

కలం మూత తీసి సంతకం చేశాడు.

భవనం ఇంకా మొదలు కాలేదు. ఆ తలుపు ఏదని రేపు ఎవరైనా అడగవచ్చు, పునాది దగ్గరే పట్టుకోవచ్చు. వానలకు ముందు నారాయణప్పగారికి ఒక కార్డు రాశాను. బండ బండగానే ఉంటుందని, ఆ సంగతి ఖాయమని, హనుమక్కకు చెప్పమని రాశాను. మెట్ల విషయంలో, కాగితం మీద ఇప్పటికి అవి బయటే ఉన్నాయి, తలుపు లేదు అని రాశాను. అంతకు మించి నాకు తెలిసింది లేదు కాబట్టి, అక్కడే ఆపి సంతకం చేశాను.